బూదిగుట్ట చీటీలు

బూదిగుట్ట మీద పచ్చగడ్డి కనిపించి మూడేళ్లు దాటింది. వేసవి మధ్యాహ్నం ఆ గుట్ట మీద తొండ కూడా కాళ్లు మార్చి మార్చి నిలబడుతుందని ఊళ్లో చెప్పుకుంటారు. అలాంటి గుట్ట పేరును తిరుపాలమ్మ పంతొమ్మిది వందల ఎనభై ఐదో సంవత్సరం ఎండాకాలంలో ముప్పై ఒక్క చీటీల మీద రాసింది.

ఆ పని ఆమెకు బడిలో పెద్దయ్యవారు అప్పజెప్పాడు. పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న పిల్ల. నలుగురిలో నోరు పెగలదు గానీ రాత అచ్చు వేసినట్టుంటుంది. అనంతపురంలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నారాయణప్ప సారు ప్రతి ఆదివారం మొదటి బస్సుకు బెళుగుప్పలో దిగి, అక్కడ తెలిసినవాళ్ల సైకిలు తీసుకుని ఊరికి వచ్చేవాడు. బడి వరండాలో చాప పరుచుకుని కూర్చునేవాడు. ఆయనకు కావలసింది నత్తగుల్లలు. చెరువుల్లో ఉండేవి కాదు. నేల మీద, రాళ్ల కింద, కంపచెట్ల మానులకు అంటుకుని బతికేవి. గొర్రెలు కాసేవాళ్లు ఏ గుట్టన ఏరినవి ఆ గుట్టవిగా వేరే గుడ్డసంచిలో తెస్తే సంచికో బీడీకట్ట ఇచ్చేవాడు. అవి ఎక్కడ దొరికాయి, ఎప్పుడు దొరికాయి, రాతి కిందా చెట్టు మీదా, ఏరిందెవరు అని అడిగి చీటీ రాసి సంచిలో వేయడం తిరుపాలమ్మ పని.

వాన లేని సీమలో నత్తలేమిటని మొదట అందరూ నవ్వారు. రాళ్లు తిప్పి చూస్తే ఉన్నాయి. నోటికి పలచని కాగితం లాంటి పొర బిగించుకుని, ఎప్పుడో పడబోయే వాన కోసం రాతికి కరుచుకుని పడుకుని ఉన్నాయి. నవ్వు ఆగిపోయి అనుమానం మొదలైంది.

అందరికంటే ముందు అనుమానం వచ్చింది తిరుపాలమ్మ పెద్దనాయన బసప్పకు. రాళ్లు తిప్పి చూసేవాడు నత్తల కోసం తిప్పుతాడా, పక్కనే వజ్రకరూరు పెట్టుకుని, అని ఆయన గొర్రెల దొడ్డి దగ్గర అందరితో అన్నాడు. తొలకరి పడగానే జనం చేలల్లో వంగి వజ్రాలు వెతికే సీమ అది. ఈ సారు వానకు ముందే, మనుషుల్ని పెట్టి, బీడీలు పంచి వెతికిస్తున్నాడని ఆయన లెక్క. నత్తలని చెప్పి గుల్లల్లో ఇరుక్కున్న మట్టిని పట్నానికి మోసుకుపోతున్నాడన్నాడు. అయినా ఆయన బీడీకట్ట మాత్రం ఏ వారమూ వదల్లేదు.

తిరుపాలమ్మ అనుమానం వేరు. ఒక ఆదివారం సారు నోటుపుస్తకం తెరిచి ఉండగా చూసింది. అందులో తమ ఊరి చుట్టూ ఉన్న గుట్టలన్నీ గీసి ఉన్నాయి. గుట్ట గుట్టకూ ఎర్రసిరా చుక్కలు. నిరుడు పక్క ఊరికి కూడా ఇలాగే ఎవరో వచ్చి గుట్టను గీసుకుపోయారు. ఆర్నెల్లు తిరగకుండా గుట్ట చుట్టూ కందకం తవ్వారు. మొక్కలు పెంచుతాం, జీవాలు తోలగూడదు అని పలక నాటారు. ఆ ఊళ్లో గొర్రెలున్నవాళ్లు సగం మంది అమ్ముకుని బెంగళూరులో మట్టిపనికి పోయారు. తిరుపాలమ్మ ఇంట్లో అరవై గొర్రెలున్నాయి. పొలం లేదు. గొర్రెలు పోతే తన పై చదువు పోతుంది, ఇల్లు కూడా పోతుంది.

అందుకే ఆమె సారును వారవారం కనిపెట్టి చూసేది. చూసేకొద్దీ ఆయన నత్తల మనిషిలాగే కనిపించేవాడు. ఒక పొద్దున గచ్చు మీద గుల్లల్ని వరస పెట్టి ఆమెకు వివరించాడు. ఇవన్నీ ఒకే కుటుంబమట. ఒకే ఇంటిపేరు వాళ్లు పది ఊళ్లకు చెదిరిపోయినట్టు ఇవీ గుట్టగుట్టకూ చెదిరిపోయాయట. ఒకదానికి చుట్లు ఐదు, ఇంకొకదానికి ఏడు. ఒకదాని నోటి అంచు మందం, ఇంకొకదానిది ఉల్లిపొర. అడుగున బొడ్డు తెరిచి ఉన్నవి కొన్ని, మూసుకుపోయినవి కొన్ని. ఈ తేడాలు పట్టుకుని ఏది ఏ జాతో విడదీయాలి. ఏ జాతి ఎంత మేర ఉందో పటంలో గుర్తు పెట్టాలి. నత్త బతికినన్నాళ్లూ నడిచినా ఈ ఊరి పొలిమేర దాటదు గనుక దొరికిన చోటే దానికి సాక్ష్యం.

"చోటు తప్పుపడితే ఇది గుల్ల కాదమ్మా, ఉట్టి సున్నం" అన్నాడు.

ఆ మాట తిరుపాలమ్మకు ముల్లులా దిగబడింది. ఎందుకంటే అప్పటికే ఆమెకు ఇంకో అనుమానం పట్టుకుంది, సొంత మనుషుల మీద. నాయన తిప్పయ్య తెచ్చిన సంచీ బూదిగుట్టది. పెద్దనాయన సంచీ బూదిగుట్టదే. కింది వీధి వాళ్లదీ అదే. బూదిగుట్ట మట్టి పేరుకు తగ్గట్టు బూడిద రంగుది, గరుకుది. ఈ గుల్లల నోళ్లలో మాత్రం ఒకదాంట్లో ఎర్రమట్టి, ఒకదాంట్లో నల్లరేగడి, ఒకదాంట్లో సన్నటి తెల్ల ఇసుక.

నాయనను అడిగే ధైర్యం ఆమెకు లేదు. అవ్వను అడిగింది. రాగులు చెరుగుతున్న హనుమక్క చాట ఆపకుండానే చెప్పింది: గొర్రెలు కాసేవాడు మేపినచోటు ఎవరికీ చెప్పడు. చెప్తే అక్కడ మేత మాడిపోతుంది. తన మామ ఒక్కసారి నోరు జారితే తెల్లారేసరికి ఏడు మందలు ఆ వంకలో దిగి వేళ్లతో సహా నాకేశాయి. ఆ నాటి నుంచి ఈ ఊళ్లో ఎవరు అడిగినా, ఇంటి ఆడవాళ్లు అడిగినా, మంద యాడికి పోయిందంటే బూదిగుట్టకు అనే జవాబు.

"బూదిగుట్టకు అంటే నీకు చెప్పను పో అని అర్థం. అది నీకు తెలీదా ఇన్నాళ్లు?" అని అవ్వ నవ్వింది.

గుల్లలు ఏరేది గొర్రెలు మేసేచోటే. గుల్ల దొరికిన చోటు చెప్తే మేత ఉన్న చోటు చెప్పినట్టే. పటాలు గీసే మనిషికి నిజం తెలియకపోవడమే మంచిదని తిరుపాలమ్మకు తోచింది. ఆ తరువాతి వారం కూడా బూదిగుట్ట, బూదిగుట్ట అని నాలుగు చీటీలు రాసింది. రాస్తున్నంతసేపూ ఉట్టి సున్నం అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది.

అసలు చిక్కు ముప్పై ఒకటో సంచితో వచ్చింది. అది తిప్పయ్య తెచ్చింది. ఆ వారం గుల్లలు తక్కువ పడ్డాయి. సంచీ నిండుగా కనబడాలని ఆయన ఇంట్లో గూట్లో పడి ఉన్న ఒక గుల్లను కూడా వేశాడు. గుల్ల గుల్లే గదా అనుకున్నాడు. నారాయణప్ప దాన్ని వేళ్ల మధ్య తిప్పి చూసి, చాప మీద మోకాళ్ల మీద లేచాడు. మిగతావన్నీ కుడికి చుట్టు తిరిగినవి. ఇది ఎడమకు తిరిగింది. నిమ్మకాయంత ఉంది.

ఎక్కడ దొరికిందని తిప్పయ్యను మూడుసార్లు అడిగాడు. తిప్పయ్య మూడుసార్లూ బూదిగుట్ట అన్నాడు. ఎడమ సుడివి పడమటి వానల అడవుల్లో ఉంటాయి గానీ ఇలాంటి ఎండిన మెట్టలో ఉన్నట్టు తాను ఎక్కడా చదవలేదని సారు అన్నాడు. అంచు దగ్గర ఒక సన్నటి బెజ్జం ఉంటే దాన్ని కొలిచి, ఏదో పురుగు తొలిచి లోపలి నత్తను తిన్నదని పుస్తకంలో రాసుకున్నాడు. తరువాత ఇన్ని వారాల చీటీలూ ముందు పోసుకుని, అన్ని జాతులూ ఒక్క బూదిగుట్ట మీదే ఎట్లా ఉన్నాయా అని అనుమానపడ్డానని, ఇప్పుడు నమ్మక తప్పడం లేదని అన్నాడు. వచ్చే ఆదివారం మద్రాసు నుంచి ఇద్దరు పెద్దవాళ్లు జీపులో వస్తారట. వాళ్లు చూసి పైకి రాస్తే ఆ గుట్టను కాపాడుతారట.

"కాపాడేదంటే ఏం చేస్తారు సామీ?" అని తిప్పయ్య అడిగాడు.

"జీవాలు తొక్కకుండా చుట్టూ కట్టడి చేస్తారు. ఇప్పటికే ఎన్ని గొర్రెల డెక్కల కింద పోయినాయో" అన్నాడు సారు, గుల్లను దూదిలో చుడుతూ.

తిప్పయ్య బీడీకట్ట తీసుకోకుండా లేచిపోయాడు. బూదిగుట్ట మీద మేత లేదు, నిజమే. కానీ అటు ఉన్న ఏ మేతకు పోవాలన్నా దారి ఆ గుట్ట కనుమ మీదుగానే. అది మూస్తే ఊరి మందలన్నీ దొడ్లలోనే నిలిచిపోతాయి.

ఆ సాయంత్రం దొడ్డి దగ్గర బసప్ప, తిప్పయ్య చాలాసేపు మాట్లాడుకున్నారు. తాను మొదటినుంచీ చెప్తూనే ఉన్నానని బసప్ప అన్నాడు. గుల్ల అక్కడిది కాదని చెబుదామని తిప్పయ్య అంటే, అక్కడిది కాకపోతే యాడిదంటాడు, అది చెప్తే మిగతావి యాడివంటాడు, తీగ లాగితే మన మేతంతా వాడి పుస్తకంలోకి పోతాదని బసప్ప అడ్డం కొట్టాడు. మద్రాసువాళ్లు వచ్చి గుట్టంతా వెతికి, ఏమీ దొరక్క వాళ్లే పోతారు, నోరు మూసుకుని ఉండడమే మేలని చివరికి తేల్చుకున్నారు.

తట్టలో పేడ ఎత్తుతూ తిరుపాలమ్మ అంతా విన్నది. ఏమీ దొరక్కపోతే గొర్రెలు తొక్కి చంపాయంటారని, అప్పుడు కందకం ఇంకా తొందరగా వస్తుందని ఆమెకు తెలుసు. సారు నోటి నుంచి ఆ మాట ముందే విన్నది. కానీ పెద్దవాళ్ల మాటల మధ్య చొరబడి ఎట్లా చెప్పాలో తెలియలేదు. ఆ గుల్ల ఎక్కడిదో కూడా ఆమెకు తెలుసు. నిరుడు కరువుకు నాయన మందను తోలుకుని పడమటి అడవుల సీమ మలెనాడు పోయి, నాలుగు నెలలకు తిరిగి వస్తూ అలాంటివి రెండు తెచ్చాడు. ఎడమకు తిరిగింది దిష్టిని తిప్పికొడుతుందని అవ్వ వాటికి తనే దబ్బనంతో బెజ్జం పొడిచింది. ఒకటి తాడు తెగి గూట్లోకి చేరింది. రెండోది ముందు నడిచే పొట్టేలు మెడలో ఇప్పటికీ వేలాడుతోంది.

ఆదివారం పొద్దున్నే సారు సైకిలు బడి ముందు ఆగింది. జీపు పదకొండుకు వస్తుందని, తాను ముందుగా సర్దుకోవడానికి వచ్చానని పెద్దయ్యవారితో చెబుతున్నాడు. తిరుపాలమ్మ చీటీల పుస్తకంతో రాలేదు. పొట్టేలును తాడు పట్టి లాక్కుంటూ వచ్చింది. బడి మెట్ల దగ్గర అది మొండికేసింది. ఆమె వెనక నుంచి నెట్టి వరండా ఎక్కించింది. అది నేరుగా చాప దగ్గరకు పోయి ఒక చీటీ నమిలింది.

సారు విసుక్కుంటూ దాని నోటి నుంచి కాగితం లాగబోయి, మెడ దగ్గర ఆగిపోయాడు. వంగి చూశాడు. దూదిలోంచి గుల్ల తీసి పక్కన పెట్టి చూశాడు. అదే సుడి, అదే బెజ్జం, అదే చోట.

"యాడిది ఇది?"

తిరుపాలమ్మ తాడును చేతికి రెండు చుట్లు చుట్టుకుంది. "మలెనాడుది సార్. నాయన నిరుడు తెచ్చినాడు. బెజ్జం పురుగు కొట్టింది కాదు. మా అవ్వ దబ్బనంతో పొడిచింది."

నారాయణప్ప చాప మీద కూలబడ్డాడు. మిగతా సంచుల వైపు చూశాడు. "మరి ఇవి? వీటిల్లో బూదిగుట్టవి ఎన్ని?"

"ఒకటీ లేదు సార్."

"ముప్పై ఒకటీ?"

ఆమె తల ఊపింది. ఆయన ముఖం ఎర్రబడింది. రాసింది నీవే గదా, మట్టి చూస్తేనే నీకు తెలిసిపోతుంది, తెలిసీ రాశావా అని అడిగాడు. తిరుపాలమ్మ ఆపకుండా చెప్పేసింది.

"మీరు పటం గీస్తాండారు సార్. పక్కూరికి గూడా పటమే ముందొచ్చింది. కందకం తర్వాత వచ్చింది."

ఆయన పుస్తకం తెరిచి ఆ పుటను ఆమె వైపు తిప్పాడు. బూదిగుట్ట చుక్క పక్కన గుల్లల బొమ్మలు, చుట్ల లెక్క, అంచు మందం. మిగతా ఎర్రచుక్కలు ఇంకా వెతకాల్సిన గుట్టలవి. కందకాల మాట లేదు. కానీ పటం పటమే. ఇది ఎవరి చేతికైనా పోవచ్చని ఆమెకు అనిపించింది. ఆమె అలా అనుకుంటోందని ఆయనకు కూడా అనిపించినట్టుంది, పుస్తకం మెల్లగా మూశాడు.

అంతలో పొట్టేలును వెతుక్కుంటూ తిప్పయ్య వచ్చాడు. వరండాలో పొట్టేలును, పక్కపక్కన ఉన్న రెండు గుల్లలను, కూతురిని వరసగా చూశాడు. ఆయన తలగుడ్డ తీసి భుజాన వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు.

సారు కోపంగానే మాట్లాడాడు. తాను బెళుగుప్పకు ఎదురుపోయి జీపును అక్కడే ఆపగలడు. తప్పు తనదేనని, గుల్ల పరాయిదని చెప్పుకోగలడు. కానీ ఈ సంచులు విసిరిపారేస్తే తన ఎండాకాలమంతా పోయినట్టే. నిజమైన చోట్లు కావాలి. పేర్లు ఈ ఊళ్లో గానీ చుట్టుపక్కల గానీ పలకనని మాటిచ్చాడు. అచ్చయ్యే పుస్తకంలో మాత్రం ఉంటాయన్నాడు.

తిప్పయ్య ఆలోచించాడు. "ఆ పుస్తకం గొర్లోళ్లు ఎవరన్నా చదువుతారా సామీ?"

"కాలేజీవాళ్లే చదవరప్పా" అన్నాడు సారు.

తిప్పయ్య లేచి సంచులన్నీ ఎత్తుకుని కూతురిని బడి వెనక గోడ చాటుకు పిలిచాడు. కొత్త చీటీలు మోకాలి మీద పెట్టుకుని ఆమె కూర్చుంది. ఆయన ఒక్కో సంచీలో చెయ్యి పెట్టి గుల్ల నోట్లోని మట్టిని గోటితో గీకి, వాసన చూసి, ఆమె చెవిలో పేరు చెప్పసాగాడు. తనవే కాదు, మిగతావాళ్లవి కూడా. బసప్ప సంచీలో ఎర్రమట్టితో పాటు ఒక తంగేడు గింజ దొరికింది.

"చింతల వంక వెనకాల మేపుతాండాడు, దొంగ. రెండేండ్లనుంచీ నాకు తెలీదనుకుంటాండాడు" అని తనలో తాను నవ్వుకున్నాడు.

ఊళ్లో ఎవరి రహస్యం ఎవరికి తెలియదో తిరుపాలమ్మకు అర్థం కాలేదు. తలవంచుకుని రాసింది. నల్లరేగడివి ఉరవకొండ వైపు మెరకలు. ఎర్రమట్టివి చింతల వంక. ఇంతకాలం బూదిగుట్ట అన్న ఒక్క మాట కింద దాక్కున్న పదకొండు చోట్లు బయటికొచ్చాయి. చోటు మారగానే గుల్లలు కూడా మారినట్టే అనిపించింది. మందపు అంచువన్నీ రాతి మెట్టల్లోవి, ఉల్లిపొర అంచువన్నీ వంకల పక్కవి. సారు చెప్పిన పాఠం మోకాలి మీద తనంతట తానే వరసపడింది.

చివరి సంచీ నాయనదే. గుల్లల నోళ్లలో సన్నటి తెల్ల ఇసుక. ఎండినా పచ్చదనం పోని గడ్డి పోచ ఒకటి గుడ్డకు అంటుకుని ఉంది.

"ఉరవకొండ దోవ" అన్నాడు తిప్పయ్య.

ఉరవకొండ దోవలో ఇసుక లేదు, అలాంటిది ఇసుక వంకలోనే ఉంది. తిరుపాలమ్మ నాయన ముఖంలోకి చూసింది. ఆయన పొట్టేలును చూస్తున్నాడు. ఈ కరువులో తమ గొర్రెలు మిగతా మందల కంటే ఎందుకు నిగనిగలాడుతున్నాయో ఆమెకు అప్పుడు తెలిసింది. కలం చీటీ మీద ఆగింది. అబద్ధం రాస్తే మళ్లీ సున్నమే. ఆమె పోచను తీసి పక్కన పడేసి, చోటు అన్న మాట పక్కన 'తెలియదు' అని రాసింది.

వరండాలో సారు చీటీలన్నీ చదివాడు. చదివేకొద్దీ ఆయన ముఖం తేటపడింది. చివరి చీటీ దగ్గర తల ఎత్తాడు.

"ఇదొక్కటి తెలియదా?"

తిరుపాలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన ఆమెను, తిప్పయ్యను, మళ్లీ ఆమెను చూశాడు. ఒక గుల్ల తీసి అరచేతిలో దులిపాడు. రవ్వంత తెల్ల ఇసుక రాలింది. దాన్ని చూసి అరచెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఎడమ సుడి గుల్లను తిప్పయ్య చేతిలో పెట్టి, సంచులు సైకిలుకు కట్టుకుని బయలుదేరాడు.

తండ్రీ కూతురూ బడి మెట్ల మీద నిలబడి చూశారు. బూదిగుట్ట అడుగున దారి రెండుగా చీలుతుంది. కుడి వైపుది బెళుగుప్పకు పోతుంది. ఎడమ వైపుది ఇసుక వంకలోకి దిగే బండ్ల బాట. చీలిక దగ్గర సైకిలు ఆగింది. సారు ఒక కాలు నేల మీద ఆనించి ఎడమ వైపు చూస్తున్నాడు. తిప్పయ్య చెయ్యి పొట్టేలు కొమ్మును గట్టిగా పట్టుకుంది.

సారు వంగి ప్యాంటు అంచు మడత పెట్టుకున్నాడు. తరువాత కుడికి తిరిగి, జీపు వచ్చే దిక్కుకు తొక్కుకుంటూ పోయాడు.

"ప్యాంటుకేనంటావా ఆగింది?" అన్నాడు తిప్పయ్య.

సైకిలు కనబడకుండా పోయినా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఆ పూట మందను ఇసుక వంకకు తోలలేదు. నిజంగానే బూదిగుట్టకు తోలారు.